ఒకే కాపరి ఉన్న ప్రోగ్రాం

గడువుకు 40 రోజులు

ఈ ఉదయం మూడో యంత్రం ఆగిపోయింది. చప్పుడేమీ కాలేదు. టీ గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి తెర నల్లబడి ఉంది. మూత విప్పితే లోపల కాలిన వాసన. పనికొచ్చే ముక్కేదీ దొరకలేదు. అయినా పారేయడానికి చేయి రాక డబ్బాలో వేసి పెట్టాను. ఇక రెండే మిగిలాయి.

గాలిపట్టిక అనే ప్రోగ్రాం నడిచేది ఈ పాత యంత్రాల మీదే. మేముండే గని ఊరు చల్లగని. దాని నాలుగో లెవల్లో ఇరవై రెండు గాలి తలుపులున్నాయి. ఏది ఎప్పుడు ఎంత తెరుచుకోవాలో గాలిపట్టిక లెక్క చూసి తిప్పుతుంది. పైన మనిషి తట్టుకోలేని ఎండలు మొదలైన ఏళ్లలో జనం వీలైనంత లోతుకు పోవాలనుకున్నారు. అందుకే అందరికంటే ముందు మనుషులు దిగింది నాలుగో లెవల్లోకే. పై మూడు లెవళ్లకు తర్వాత కొత్త తలుపులు, కొత్త ప్రోగ్రాం వచ్చాయి. అడుగు లెవల్ తలుపులకు మాత్రం గాలిపట్టిక భాష తప్ప ఇంకోటి తెలియదు.

మధ్యాహ్నం ఉమ్మడి కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిది గని ఊళ్లకూ అదే ఉత్తరం. గాలిపట్టిక రాసినవాళ్లు తెర మీద గళ్లూ బటన్లూ గీయడానికి ఒక టూల్‌కిట్ వాడారు. దాన్ని తయారుచేసినవాళ్లు వదిలేసి ముప్పై ఏళ్లయింది. ఇన్నేళ్లూ కేంద్రమే దానికి అతుకులు వేస్తూ వచ్చింది. ఊళ్ల యంత్రాలన్నిటికీ కేంద్రం పంపబోయే కొత్త విడతలో ఇక అది ఉండదట. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాంలను వదిలేస్తారా, ఉంచుకుంటారా, నలభై రోజుల్లో చెప్పాలట. ఉంచుకున్న ఊరికి కొత్త విడత రాదు. అంటే మందుల కబురు, ట్రాలీ వేళలు, పక్క ఊళ్లతో మాట, ఒక్కొక్కటే తెగిపోతాయి.

"సిఫారసు కాపరి రాయవలెను" అని చివరి వాక్యం. గాలిపట్టికకు కాపరిని నేనొక్కదాన్నే, దుర్గం స్వరూపను.

గడువు ముగిసే రోజే ఎండాకాలానికి గని నోరు మూస్తారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ట్రాలీ ఉండదు.

గడువుకు 38 రోజులు

ఆదివారం. సమ్మయ్యతో పది నిమిషాలు మాట్లాడే రోజు.

సమ్మయ్య నా భర్త. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని డాక్టరు చెబితే ఆరేళ్ల కిందట ఎత్తుమిట్టకు పోయాడు. అది కొండ మీది ఊరు. అక్కడ ఎండాకాలంలోనూ మనుషులు పైనే ఉంటారు. అతను మళ్లీ గనిలోకి దిగితే బతకడు. నేను గని దాటకూడదు. ఒకే కాపరి ఉన్న ప్రోగ్రాం నడుస్తున్నంత కాలం ఆ కాపరి ఊరు విడవరాదని నియమం.

నాకీ పని నేర్పిన పెద్దాయన పోయి పదకొండేళ్లు. ఆ తర్వాత ఇద్దరిని నా దగ్గర పెట్టారు. ఒకతను మూడు నెలలకే ట్రాలీ పనికి మారిపోయాడు. రెండో అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "అక్కా, ఇది నేర్సుకుంటే నేను గూడ నీ లెక్కనే ఈడ పడుంట. నాకొద్దు." ఆమెది తప్పని అనలేకపోయాను.

సమ్మయ్యకు ఉత్తరం సంగతి చెప్పాను. అవతల కాసేపు దగ్గు వినిపించింది.

"అంటే అది తీసేస్తే నిన్ను ఇడుస్తరా?"

"ప్రోగ్రామే లేకుంటే కాపరితోని ఏం పని?"

"మరి తీసెయ్యమని రాయి."

"గంత అల్కగ ఎట్ల రాస్త? నాలుగో లెవల్ల నూటముప్పై ఏడు మంది ఉన్నరు."

"పైకి తెస్తరు వాళ్లను. మనుషులు జాగ మారరా? నేను మారలేదా?" అని ఆగాడు. "స్వరూపా, ఆరేండ్లాయె. నీ మొఖం ఎట్లుండెనో యాదికి తెచ్చుకోవాల్సి వస్తున్నది."

పది నిమిషాలూ అయిపోయి లైను తెగింది.

గడువుకు 34 రోజులు

నాలుగో లెవల్‌కు దిగి తలుపులన్నీ చూసి వచ్చాను. పదిహేను రోజులకోసారి చేసే పని. అక్కడ ముప్పై ఒక్క కుటుంబాలు పుట్టగొడుగులు పెంచుతాయి. ఊరంతా తినే కూర వాళ్ల మడుల నుంచే వస్తుంది. ఆ చల్లదనం, ఆ తేమ పై లెవళ్లలో లేవు.

బుచ్చవ్వ మడి దగ్గర గడ్డి తడుపుతోంది. అరవై దాటిన మనిషి. లెవల్లో తగవు వచ్చినా పెళ్లి వచ్చినా ఆమె మాటే మాట.

"ఏం బిడ్డా, మమ్ముల లేపుతరంట గద?"

"ఇంకా ఏం అనుకోలేదవ్వా."

"అనుకునేది ఎవలు?"

నేనేనని చెప్పలేదు. తలుపు మీది బిళ్ల నంబరు రాసుకుంటున్నట్టు వంగాను.

పైకి వస్తుంటే మేనేజర్ ఉపేందర్ సార్ ఎదురయ్యారు. మంచాయనే, కానీ కేంద్రం పేరు వింటే గొంతు తగ్గిపోతుంది. "స్వరూపా, ఊరిని అందరితోని తెంపుకొని బతకలేం. ఒకటో లెవల్ పెద్ద హాలు ఖాళీగనే ఉన్నది. నూటయాభై మంది పడుతరని కొత్త ప్రోగ్రాం జూపిస్తున్నది. నువ్వు రాస్తే పనైపోతది" అన్నారు.

గడువుకు 31 రోజులు

సిఫారసు పంపేశాను.

"గాలిపట్టికను వదిలేయవచ్చు. నాలుగో లెవల్ కుటుంబాలను ఒకటో లెవల్ హాలుకు తరలించవచ్చు. హాలుకు నూటయాభై మందికి సరిపడా గాలి ఉంది." మూడే వాక్యాలు.

మూడోది అబద్ధం. హాలుకు గాలి పంపే ఫ్యాను పోయిన ఏడాది నుంచి సగం వేగంతోనే తిరుగుతోంది. కొత్త ప్రోగ్రాం ఫ్యాను ఉందా లేదా అనే చూస్తుంది. ఎంత తిరుగుతోందో చూడదు. ఆ ఫ్యాను గాలి దారి నాలుగో లెవల్ నుంచే పోతుంది కాబట్టి గాలిపట్టిక చూస్తుంది. నా తెర మీద రోజూ ఆ అంకె కనిపిస్తూనే ఉంది. ఫ్యాను బాగు చేయాలంటే కావలసిన భాగం ఇప్పుడు అడిగినా మళ్లీ గని నోరు తెరిచాకే వస్తుంది.

బాగవుతుందిలే అనుకుంటూ రాశాను. అంతమంది ఎప్పుడూ ఒకేసారి హాల్లో ఉండరులే అనుకున్నాను. అనుకోవడానికి ఇంకా చాలా దొరికాయి.

గడువుకు 27 రోజులు

కేంద్రం ఒప్పుకుంది. దానితోపాటే నా విడుదల కాగితం కూడా వచ్చింది. కొత్త విడతలు చూసే అధికారి ఫ్లోరెన్స్ మేడం సంతకం ఉంది. గడువు రోజు మధ్యాహ్నం ట్రాలీలో ఏడో సీటు నాది.

ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. రెండు చీరలు, మందుల సంచి, చెప్పులు ఒక పెట్టెలో సర్దాను. పదకొండేళ్లుగా ఉంటున్న గదిలో తీసుకుపోవాల్సినవి అంతకన్నా లేవు.

గడువుకు 24 రోజులు

ఈ రోజు ఉపేందర్ సార్ నాలుగో లెవల్ వాళ్లందరినీ హాలుకు రప్పించారు. జాగా చూసుకుంటే భయం పోతుందని ఆయన ఆలోచన. పుట్టగొడుగుల మడులు ఎక్కడ పెట్టాలి, వంట ఎక్కడ, నీళ్లెక్కడ అని మాటలు సాగాయి. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా చేతిలో చిన్న గాలిమీటరు ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకు తెలుసు.

గంటన్నరకు పిల్లలు తల్లుల ఒళ్లో వాలిపోయారు. "అలసిపోయిన్రు పాపం" అన్నారెవరో. ఒక పెద్దాయన తల పట్టుకుని కూర్చున్నాడు. రెండు గంటలకు నిండు చూలాలు ఒకామె లేచి నిలబడబోయి అలాగే కూలిపోయింది. జనం చుట్టూ మూగారు. మూగేకొద్దీ ఆమెకు గాలి తగ్గుతుంది.

"బయటికి తేండ్రి! అందరు బయటికి నడువుండ్రి!" అని అరిచాను. నా అరుపు నాకే కొత్తగా వినిపించింది.

సొరంగంలోకి తెచ్చాక ఆమె తేరుకుంది. వడదెబ్బలాంటిదేమో అని డాక్టరు అన్నాడు. గుంపులో ఇరుకైందని ఉపేందర్ సార్ అన్నారు. మీటరులో పడిపోయిన గాలి అంకె నేనొక్కదాన్నే చూశాను.

గడువుకు 23 రోజులు

సమ్మయ్యకు ముందు చెబుదామనుకున్నాను. ఆదివారం దాకా ఆగితే నోరు పెగలదని తెలిసి పొద్దున్నే ఉపేందర్ సార్ దగ్గరికి పోయాను. బుచ్చవ్వ అక్కడే ఉంది. హాల్లో పడిపోయిన చూలాలు ఆమె మేనకోడలట.

నిలబడే చెప్పాను. ఫ్యాను సంగతి, అది నాకు ఏడాదిగా తెలుసన్న సంగతి, రాసిన అబద్ధం, ఎందుకు రాశానో కూడా.

ఉపేందర్ సార్ కుర్చీలోంచి లేచారు. "ఏం జేసినవ్ స్వరూపా? నేను సంతకం పెట్టిన గదా దాని మీద!"

బుచ్చవ్వ అరవలేదు. దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూసింది.

"నీ మొగని దగ్గరికి పోతందుకు మమ్ముల అండ్ల తోలుతున్నవా?"

"అవునవ్వా."

"నోరు తెరిచి అడిగితే మేమేమన్న వద్దందుమా?"

ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికి సిఫారసు వెనక్కి తీసుకున్నట్టు కేంద్రానికి రాశాం. గంటలోపే నా విడుదల కాగితం రద్దయింది. ఏడో సీటు ఎవరికో ఇచ్చేశారు. పెట్టె విప్పలేదు. మంచం కిందికి తోసేశాను.

గడువుకు 17 రోజులు

ఆదివారం. జరిగిందంతా సమ్మయ్యకు చెప్పాను.

"మంచిగ జేసినవ్" అన్నాడు. ఆ మాట వెనక ఉన్నదేమిటో నాకు అర్థమైంది. తిట్టినా బాగుండేది.

ఈ వారమంతా ఒకటే పనిలో ఉన్నాను. టూల్‌కిట్ కావలసింది తెర బొమ్మలకే. తలుపులతో మాట్లాడే భాగం వేరు. మాంసం నుంచి ఎముక తీసినట్టు ఆ భాగాన్ని విడదీస్తే కొత్త విడత మీద బొమ్మలు లేకుండా నడవవచ్చు. పాత రాతల్లో ఎక్కడ చేయి పెట్టినా ఒక బటను తగులుతోంది. ఎవరు రాశారో, బటను గీయడమూ తలుపు తిప్పడమూ ఒకే ముడిలో కట్టేశారు. ముడి విప్పుతూ పోతున్నాను. అన్నం తినే ధ్యాస లేదు. వేరే ఆలోచన రానివ్వని పని కాబట్టి బాగానే ఉంది.

గడువుకు 12 రోజులు

రెండో యంత్రమూ పోయింది. ఇంకొక్కటే మిగిలింది. అది కూడా పోతే నాలుగో లెవల్ తలుపులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి.

కానీ నిన్ననే ముడి విడిపోయింది. ఫ్లోరెన్స్ మేడం కొత్త విడత పట్టుకుని స్వయంగా ట్రాలీలో వచ్చారు. ఆమె తెచ్చిన కొత్త యంత్రం మీద బొమ్మలు లేని గాలిపట్టికను నడిపి చూపించాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. రెండో నంబరు తలుపు తిరగమంటే తిరిగింది.

ఆమె నిజంగా ఆశ్చర్యపోయారు. "తొమ్మిది ఊళ్లలో ఇది ఎవరూ చేయలేకపోయారు స్వరూపగారూ. నాలుగో లెవల్‌ను ఖాళీ చేయక్కర్లేదు. ఊరికి కొత్త విడతా ఇవ్వొచ్చు."

"నేను పోవచ్చా మేడం?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది కొత్త ప్రోగ్రాం కింద లెక్క. దీని లోపల ఏముందో తెలిసింది మీకొక్కరికే. కాపరిగా మీ పేరే రాయాలి. నియమం నేను మార్చలేను."

"వేరే వాళ్లకు నేర్పితే?"

"ఎన్నేళ్లు పడుతుంది?"

నాకు నాలుగేళ్లు పట్టింది. అది కూడా చెప్పేవాడు పక్కన ఉంటే.

కాగితం బల్ల మీద పెట్టి, ఎల్లుండిలోగా సంతకం చేయమన్నారు. ఇన్నాళ్లూ నన్ను కట్టేసింది ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాం. ఈసారిది నా చేతులతో నేను రాసుకున్నది.

గడువుకు 11 రోజులు

ఇంకా సంతకం పెట్టలేదు. పెన్ను తీశాను, మూత పెట్టాను.

పొద్దున తలుపు చప్పుడైతే ఎవరో అనుకున్నాను. బుచ్చవ్వ. పదకొండేళ్లలో ఆమె నా గదికి రావడం ఇదే మొదలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మమ్ముల లేపుతలేరని మేడం చెప్పింది. నువ్వు ఆగమైతున్నవని గూడ చెప్పింది. గదంత సరె గాని, అది ఏం జేస్తదో నాకోసారి సూపియ్యి."

"ఏది?"

"గా ప్రోగ్రాం. పుట్టిన కాడికెల్లి దాని గాలే పీలుస్తున్న. ఏం జేస్తదో ఎన్నడు జూడలే."

చూపించడానికి నా దగ్గర బొమ్మలు కూడా లేవు. అందుకని పాత చిట్టాలు తీశాను. పదకొండేళ్లలో ఏ తలుపు ఏ వేళ తిరిగిందో వరుసగా ఉన్నాయి. ఆమెకు చదవడం వచ్చు, కానీ నెమ్మది. వేలు పెట్టి ఒక్కో వరుస చదువుతూ పోయింది. నేను పక్కన నిలబడి ఎదురుచూశాను.

"గిండ్ల పదమూడో తలుపు లేదేంది?"

"అది తిరగదవ్వా. ఎప్పుడూ సగం తెరిచే ఉంటది."

"పద్నాలుగు?"

వెతికాను. అదీ లేదు. పదిహేను లేదు. చిట్టా మొత్తం తలుపుల వారీగా వేరు చేయమని యంత్రానికి చెప్పాను. అంకెలు వచ్చాయి. ఇరవై రెండిటిలో పదిహేను తలుపులు ఏళ్లుగా కదలనే లేదు. ఏడే తిరుగుతున్నాయి. అవి కూడా రోజుకు నాలుగుసార్లు: పొద్దున వంటకు, మడులు తడిపే వేళకు, మధ్యాహ్నం, పడుకునే ముందు. యాభై ఏళ్ల కిందట మనుషులు వస్తూ పోతూ ఉన్నప్పుడు అవసరమైన లెక్కలన్నీ గాలిపట్టికలో ఉన్నాయి. ఇప్పుడు అక్కడ ఉండేది అవే ముప్పై ఒక్క కుటుంబాలు, అదే దినచర్య. పదిహేను రోజులకోసారి ఆ తలుపుల ముందు నిలబడి నంబర్లు రాసుకున్నదాన్ని, వాటిలో ఏది కదులుతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

"రోజు గవే తలుపులు, గదే వేళకా?" అంది బుచ్చవ్వ.

"అవును."

"వేళ దప్పితే ఎట్ల ఎరుక?"

"తలుపు పక్కన గోడకు గాలి జూపే సూది ఉంటది గదా. ఎర్రగీత దాటితే ఇంకింత తెరవాలె."

"సూది మాకు గూడ కనవడ్తది. తలుపుకు చక్రం ఉన్నది. చేతులున్నయి." నా వైపు తిరిగింది. "మరి గంతదానికి నువ్వెందుకు బిడ్డా?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె ఇప్పుడు కూర్చుంది.

గడువుకు 8 రోజులు

మనుషులే తలుపులు తిప్పగలిగితే గాలిపట్టికే అక్కర్లేదని చెబితే, సంతకానికి గడువు రోజు దాకా ఆగుతానన్నారు మేడం. ఏడు తలుపులకు చేతిచక్రాలు ఉన్న మాట నిజమే, రేకు మూతల కింద. ఎవరూ ముట్టుకోక తుప్పు పట్టాయి. ఆరు చక్రాలు గ్రీజు పూసి రెండు రోజులు నానబెడితే తిరిగాయి. తొమ్మిదో తలుపుది మొరాయించింది. నలుగురు మగవాళ్లు గడ్డపార వేసి పట్టినా కదల్లేదు. చివరికి దాన్ని పూర్తిగా విప్పి, ఇరుసు గీకి, మళ్లీ బిగించాం. నా అరచేతులు రెండూ బొబ్బలు. యంత్రం ముందు కూర్చునే మనిషినని వాళ్లెవరూ జాలిపడలేదు.

ఒక్కో తలుపుకు ఇద్దరు, మొత్తం పద్నాలుగు మంది. నేర్పుతున్నాను. సూది ఎక్కడుంటే ఎంత తిప్పాలో, ఏ తలుపు తర్వాత ఏ తలుపో, సూది మాట వినకపోతే గంట ఎలా కొట్టాలో. రెండో నంబరు తలుపు వాళ్లలో ఒకామె నాతో మాట్లాడదు. హాల్లో ఆమె కూతురు వాంతి చేసుకుంది. నేను చెప్పింది విని, సరిగ్గా చేసి, మొహం తిప్పుకుంటుంది. అలాగే కానీ.

ఉపేందర్ సార్‌కు భయం పట్టుకుంది. "ప్రోగ్రాం తీసేసి మనుషులతోని నడిపిస్తున్నమని కేంద్రానికి ఎట్ల రాయాలె? నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్యుండ్రి సార్. ఆ హాల్ల పడ్డామె ముందల నవ్వమనుండ్రి" అంది బుచ్చవ్వ.

గడువుకు 3 రోజులు

ఐదు రోజులుగా గాలిపట్టిక నుంచి తలుపులను విడదీసి, చూడటానికి మాత్రమే ఉంచాను. తలుపులు మనుషులవి, అంకెలు దానివి. ఫ్లోరెన్స్ మేడం నా పక్కనే కూర్చుని అంకెలు చూశారు.

మొదటి రోజు మధ్యాహ్నం ఐదో తలుపు వాళ్లు మరిచిపోయారు. సూది ఎర్రగీత దాటింది. నా చేయి దానంతటదే యంత్రం మీదికి పోయింది. మేడం నా మణికట్టు పట్టుకుని ఆపారు. మూడు నిమిషాలకు కింద గంట మోగింది. ఆరో తలుపు వాళ్లు వాళ్ల సూది చూసి గ్రహించి పరుగెత్తారు. సూది దిగింది.

ఆ తర్వాత ఒక్కసారి కూడా దాటలేదు.

గడువు రోజు

పొద్దున ఏడింటికి గాలిపట్టికను తీసేశాం. తీసేయమని ఒక వరుస టైపు చేయాలి, నిజమేనా అని అది ఒకసారి అడుగుతుంది, అవునని చెప్పాలి. పదకొండేళ్ల పని, అర నిమిషం పట్టలేదు. మిగిలిన పాత యంత్రం కూడా ఆపేశాను. దాని ఫ్యాను చప్పుడు ఆగిన గదిని నేనెప్పుడూ వినలేదు.

ఫ్లోరెన్స్ మేడం రిజిస్టరు తెరిచారు. "నాలుగో లెవల్ గాలి. కాపరి పేరు?"

పద్నాలుగు మందిలో ఏడుగురు చక్రాల దగ్గర ఉన్నారు, ఏడుగురు గదిలో ఉన్నారు. ఒక్కొక్కరే పేరు చెప్పారు. చక్రాల దగ్గరున్న వాళ్ల పేర్లు కూడా వాళ్లే చెప్పారు. మేడం అన్నీ రాశారు. గడి చాలక పక్క పేజీలోకి పోయాయి.

"పద్నాలుగు మంది కాపరులు" అన్నారు. "అయితే ఎవరూ ఊరికి కట్టుబడి ఉండక్కర్లేదు. ఎవరు పోయినా పదముగ్గురు ఉంటారు. మీ పేరు ఇందులో లేదు స్వరూపగారూ."

ఏడో సీటు పోయింది కదా అని అడిగాను. తను ఇంకో రెండు రోజులుండి ఫ్యాను చూసి, గని నోరు మూసినా లోపలి సొరంగం దారిన దగ్గరి ఊరి దాకా నడిచే సామాన్ల బండిలో పోతానని, తన సీటు నాకిచ్చారు. మిగతా ఊళ్ల కాపరుల కోసం ఈ చక్రాల సంగతంతా రాసి పంపమని అడిగారు. పంపుతానన్నాను. వాళ్లూ నాలాగే ఉన్నారు కదా.

పోయే ముందు నాలుగో లెవల్‌కు దిగాను. పదకొండు దాటింది, మధ్యాహ్నం తిప్పే వేళ దగ్గరపడింది. బుచ్చవ్వ తొమ్మిదో తలుపు చక్రం పట్టుకుని నిలబడి ఉంది.

"అవ్వా, పోయొస్త."

"మంచిది బిడ్డా" అంది. తిరిగి చూడలేదు. సూది మీంచి కన్ను తీయొద్దని నేర్పింది నేనే.

ఎత్తుమిట్ట, రెండో రోజు

ట్రాలీ నిన్న సాయంత్రం చేరింది. దిగాక చాలాసేపు నడవలేకపోయాను. తలపైన కప్పు లేకుండా ఉండటం ఎలాగో ఒళ్లు మరిచిపోయింది. స్టేషను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక మనిషి నెమ్మదిగా వచ్చి కొద్ది దూరంలో ఆగాడు. జుట్టు తెల్లబడింది. నేననుకున్నదాని కంటే పొట్టిగా ఉన్నాడు. ఆరేళ్లు గొంతు ఒక్కటే విని, మనిషిని పెద్దగా ఊహించుకున్నట్టున్నాను.

"స్వరూపేనా?" అన్నాడు.

"నేనే."

పెట్టె తీసుకున్నాడు. గోడ పక్కగా నడుద్దామంటే ఎందుకని అడగకుండా గోడ పక్కగానే నడిపించాడు. మధ్యలో రెండుసార్లు దగ్గుకు ఆగాం.

ఈ ఉదయం మెలకువ రాగానే అలవాటుగా గోడ మీద సూది కోసం చూశాను. గోడ మీద ఏమీ లేదు. ఇల్లంతా తిరిగాను. సమ్మయ్య వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"ఈడ గాలి ఎవలు జూస్కుంటరు?" అని అడిగాను.

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పుక్కిలించి ఉమ్మి, నా దగ్గరికి వచ్చాడు.

"ఎవలూ జూస్కోరు స్వరూపా. అదే వస్తది."